పన్నెండింటి ఫోను

సూది మాస్టారు రక్తం తీసే గదిలోంచి తల బయటకు పెట్టి ఆ కబురు చెప్పేటప్పటికి గోడ గడియారంలో పదకొండు దాటి నాలుగు నిమిషాలు. ల్యాబు కౌంటరులో కూర్చునే ఆమె కోసం ఎవరో ఒకాయన ఫోను చేశాడట. ఆమె వెనక గదిలో ప్రింటరుకి కాగితం పెడుతోంది కదా అని తనే ఎత్తాడట. పన్నెండింటికి మళ్ళీ చేస్తానన్నాడట, కానీ ఈసారి కౌంటరు ఫోనుకి కాదు, తిన్నగా డాక్టరుగారి గదిలో ఫోనుకే చేస్తాననీ, ఆ ముక్క ఆమెకి తప్పకుండా చెప్పమనీ రెండుసార్లు చెప్పాడట. "ఎవరమ్మా ఆయన? పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినంత మర్యాదగా ఉన్నాడు," అని మాస్టారు నవ్వి, జవాబు కోసం ఆగకుండా లోపలికి తిరిగి, ఎవరినో పిడికిలి బిగించమన్నాడు. బల్ల కింద ఆమె పిడికిలి కూడా బిగుసుకుంది.

మర్యాదస్తుడు. ఆ మనిషికి ఆమె మనసులో పెట్టుకున్న పేరు అదే. అసలు పేరు అతను ప్రతిసారీ చెప్తూనే ఉంటాడు, ఆమె చెవి ప్రతిసారీ దాన్ని బయటకు తోసేస్తూనే ఉంటుంది. అతనికి ముందు ఇంకొకడు చేసేవాడు, వాడు అరిచేవాడు, సిగ్గులేదా అనేవాడు, సంతకం పెట్టినప్పుడు చెయ్యి వణకలేదా అనేవాడు. వాడే నయం. అరిచేవాడి ఫోను పెట్టేశాక స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి వాణ్ణి కసిదీరా తిట్టుకుంటే కొంచెం ఊపిరాడేది. ఇతన్ని ఏమని తిట్టుకోవాలి, భోంచేశారా అమ్మగారూ అని అడిగేవాణ్ణి. మీ ఇబ్బంది నాకు తెలుసమ్మగారూ, ఆ డబ్బు మీరు వాడుకోలేదనీ తెలుసు, మీ చెల్లెలుగారి అప్పుకి మీరు హామీ ఉన్నారంతే, ఆవిడ ఎక్కడున్నారో ఒక్క ముక్క చెప్పండి, మళ్ళీ మీ జోలికి వస్తే అడగండి అంటాడు. తెలియదండీ అంటుంది ఆమె. పోనీలెండి, గుర్తొచ్చినప్పుడే చెప్పండి, రేపు ఇదే టైముకి చేస్తాను అంటాడు, చేస్తాడు. సెల్లులో అతని నంబరు రాకుండా చేస్తే వేరే నంబరు నుంచి, అదీ ఆపితే ఇంకోదాన్నుంచి, అన్నీ ఆపేస్తే చివరికి ఇక్కడికి, ఈ కౌంటరు మీది నల్ల ఫోనుకి. ఇది ఎత్తకుండా ఉండడానికి లేదు. ఇది ఎత్తడానికే ఆమెకి జీతం, పదకొండేళ్ళ నుంచీ.

పదకొండూ తొమ్మిది. ఊదారంగు మూత సీసా రక్తకణాలకి, బూడిదరంగు మూత చక్కెరకి, ఎర్ర మూత మిగతావాటికి. పేరు, వయసు, నంబరు ఉన్న చీటీ అంటించాలి, అంటించాక చీటీనీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చదవాలి. ఎవరి రక్తం ఎవరి ఖాతాలోకీ పోకూడదు, ఈ బల్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క నీతి అది. పదకొండేళ్ళలో ఒక్క చీటీ తప్పు అంటించలేదు ఆమె. అలాంటి మనిషి, మూడుసార్లు చదవనిదే ఎదుటివాళ్ళ మూత్రం సీసా కూడా లోపలికి పంపని మనిషి, ఆ రోజు ఆ అప్పులిచ్చే ఆఫీసులో పదహారు పేజీల కాగితాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంచారు, ఎక్కడెక్కడ సంతకం చెయ్యాలో. గది నిండా చల్లగాలి, గాజు బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ పూలు. చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆనుకుని కూర్చుంది, చిన్నప్పుడు సూది వేయించుకోవడానికి వెళ్ళినప్పుడు కూర్చున్నట్టే. ఊరికే కాగితాల కోసం అక్కా, ఎవరో ఒకరు ఉండాలి కదా, మా ఆయన తరఫువాళ్ళని అడిగితే లోకువైపోతాను అంది. ఆ మాటకి ఆమె కరిగిపోయింది. లోకువైపోతాను. చెల్లెలు లోకువ కాకూడదని అక్క లోకువైంది, ఇంతే కథ, దీనికి పదహారు పేజీలెందుకు. బయటికొచ్చాక చెల్లెలు వీధిలోనే కౌగిలించుకుంది, ఈ డబ్బుతో బ్యూటీ పార్లరు తెరిచిన రోజున మొదటి కుర్చీలో నువ్వే కూర్చోవాలి అంది. కూర్చుంది. జుట్టు చివర్లు రెండంగుళాలు కత్తిరించింది చెల్లెలు. ఆ రెండంగుళాలే, ఆ అప్పులో ఆమె వాటా.

"నార్మలేనా అమ్మా?" ఎదురుగా ఒక ముసలాయన, నిన్నటి రిపోర్టు కవరు చేతిలో పట్టుకుని. కవరు ఇంకా విప్పలేదు. అందరూ ఇంతే, కాగితం చేతిలో పెట్టగానే ఆమె మొహంలోకి చూస్తారు, కాగితం కంటే ఆ మొహం ముందు చెప్తుందన్నట్టు. డాక్టరుకి చూపించండి బాబాయిగారూ అనాలి, అదే నియమం, అదే అంది. ఆయన కదల్లేదు. పక్కన చుక్క గుర్తు ఉంటే ఎక్కువున్నట్టు కదమ్మా, పోయినసారి రెండు చుక్కలొచ్చాయి అన్నాడు. ఆమెకి ఉన్నట్టుండి ఆ ముసలాయన మీద అసూయ కలిగింది. ఆయనలో తప్పేముందో ఎవరో యంత్రంలో పెట్టి, గిర్రున తిప్పి, హద్దు ఇక్కడ, నువ్వు దాటింది ఇంత అని అచ్చువేసి ఇస్తారు. తను ఎక్కడ హద్దు దాటిందో, సంతకం పెట్టినప్పుడా, తెలియదండీ అని మొదటిసారి అబద్ధమాడినప్పుడా, ఏ కాగితం మీదా రాదు. కవరు ఆమే విప్పింది. ఒక్క చుక్కే ఉంది. "తగ్గింది," అంది. ముసలాయన మొహం వెలిగింది. నియమం తప్పింది సరే, ఇవాళ తప్పడానికి ఇంక మిగిలిందేముంది కనక.

పదకొండుంబావు. డాక్టరుగారి గది తలుపు మూసే ఉంది, లోపల ఆయన మైక్రోస్కోపు మీద వంగి ఉంటాడు, వీపు గుండ్రంగా చేసుకుని, అరవై ఆరేళ్ళ మనిషి. ఎవరి రక్తంలో ఏముందో చూసి చూసి, మనుషుల్ని తలెత్తి చూడడం మానేసినవాడు. మంచివాడే. ఆమె ఎప్పుడూ అందరితోనూ అలాగే చెప్పింది, మా డాక్టరుగారు మంచివారు అని. ఆ మంచితనాన్ని ఎన్నడూ బరువు మోపి చూడలేదు, అంతే. వెళ్ళి చెప్పేస్తే. పన్నెండయ్యే లోపల తనే తలుపు తోసి, సార్, ఒకతను ఫోను చేస్తాడు, అది నా అప్పు కాదు సార్ అని. నా అప్పు కాదు సార్. ఎంత చప్పగా ఉంది ఆ వాక్యం, దొరికిపోయిన ప్రతివాడూ అనేదే. మా చెల్లెలిది సార్. అయితే మీ చెల్లెలే కడుతుంది కదమ్మా అంటాడు. కట్టదు సార్. ఎందుకు కట్టదు. అక్కడ ఆగిపోయింది ఆమె. చీటీ మీద చీటీ అంటిస్తూ, ఎందుకు కట్టదు, ఎందుకు కట్టదు, అని నాలుగు సీసాలు.

కట్టే స్తోమత లేదు కనక అని ఏడాదిపాటు అనుకుంది. పార్లరు నడవలేదు, పక్క వీధిలో ఇంకా పెద్దది వచ్చింది, అద్దాలు, కుర్చీలు సగం ధరకి పోయాయి, అవన్నీ నిజమే. మరిది ఉద్యోగం మారాడు, అదీ నిజమే. తర్వాత ఇల్లు మారారు. నంబరు మారింది. నాలుగు నెలల క్రితం ఆమె వెతుక్కుంటూ వెళ్ళింది, రెండు బస్సులు మారి, కొత్త ఇంటికి. తలుపు తీసిన చెల్లెలు ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఎవరో అన్నట్టు చూసింది. తర్వాత, అయ్యో అక్కా, మొహం ఎలా చేసుకున్నావో చూడు, రా కూర్చో అని కుర్చీలో వెనక్కి వాల్చి, మెడ చుట్టూ తువ్వాలు కట్టి, ఏదో గిన్నెలో కలిపి చల్లగా మొహం నిండా పూసింది. ఇరవై నిమిషాలు పెదవి కదపకూడదక్కా, కదిపితే ముడతలు పడతాయి అంది. కళ్ళ మీద తడి దూది పెట్టింది. అలా ఆమె మాట్లాడకుండా పడుకుని ఉంది, ఆ ఇరవై నిమిషాలూ చెల్లెలే మాట్లాడింది. ఇప్పుడు వేరేవాళ్ళ పార్లరులో పని చేస్తున్నాననీ, అక్కడి మేడమ్ కన్నెర్రజేస్తే ఉద్యోగం ఉండదనీ, అప్పువాళ్ళకి తన ఆచూకీ తెలిస్తే పరువు పోతుందనీ, మా ఆయన తరఫువాళ్ళకి తెలిస్తే ఇంక చావేననీ, నువ్వంటే స్థిరమైన ఉద్యోగంలో ఉన్నావు, నిన్నేం చెయ్యలేరు, కొన్నాళ్ళు తెలియదని చెప్పు అక్కా, నా మీద ఒట్టు, అనీ. మొహం మీద పూత గట్టిపడి చర్మాన్ని లాగుతోంది. దూది కింద కన్నీళ్ళొచ్చాయో, దూది తడే చెంపల మీదికి జారిందో, ఆమెకే తెలియదు. కడిగి తుడిచాక చెల్లెలు అద్దం పట్టుకుని, చూడు ఎంత మెరుస్తున్నావో అంది. మెరుస్తూనే రెండు బస్సులు మారి ఇంటికొచ్చింది. ఆ రాత్రి ఆమె భర్త చూసి, ఏంటి, ఇవాళ కళగా ఉన్నావు అన్నాడు.

ఆయన. ఆయనకి ఇంకా తెలియదు. అచ్చాఫీసులో మిషను నడిపి, గోళ్ళలో సిరాతో ఇంటికొచ్చి, ఎవరైనా కూర్చుంటే చాలు, మాది చిన్న సంసారం, అయితేనేం, ఎవరికీ చిల్లిగవ్వ బాకీ లేదు, రాత్రి పడుకుంటే ఇట్టే నిద్రపడుతుంది అంటాడు. నిజంగానే పడుతుంది ఆయనకి. పక్కన ఆమె కళ్ళు తెరుచుకుని ఆ నిద్రకి కాపలా కాస్తున్నట్టు పడుకుని ఉంటుంది. ల్యాబులో జీతాలు ఆలస్యమవుతున్నాయని చెప్పి మూడు వాయిదాలు ఆమే కట్టింది. డాక్టరుగారికి ఈమధ్య ఇబ్బందిగా ఉంది పాపం అని చెప్పింది. చూడు, తన అప్పుని తీసుకెళ్ళి ఆ పెద్దమనిషి నెత్తిన రుద్దింది, ఆయన మంచితనాన్ని అలా వాడుకుంది, ఆయనకి తెలియకుండానే. నాలుగో వాయిదాకి అబద్ధాలు చాల్లేదు.

పదకొండూ ముప్ఫై అయిదు. ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, పొద్దున్న ఏమీ తినకుండా రావాలా, టీ తాగొచ్చా అని. పంచదార లేకుండానా అని అడుగుతోంది. ఏదీ వద్దండీ, మంచినీళ్ళు తప్ప అని ఆమె తన మామూలు గొంతుతో చెప్పింది, ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో. ఫోను పెట్టేశాక చెయ్యి దాని మీదే ఉండిపోయింది. తనూ చేసింది కదా ఇలాగే. చెల్లెలు సెల్లు ఎత్తకపోతే ఆ పార్లరుకి. మొదటిసారి భయం భయంగా, రెండోసారి కోపంగా, ఆ తర్వాత అలవాటుగా, మధ్యాహ్నం రెండింటికి, వాళ్ళకి జనం పల్చగా ఉండే వేళ చూసి. చెల్లెలు ఫోను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఇక్కడికి చెయ్యకక్కా, మా మేడమ్ చూస్తోంది అనేది. భోంచేశావా అని అడిగేది తను. ఎప్పుడిస్తావో ఒక్క ముక్క చెప్పు, మళ్ళీ నీ జోలికి రాను అనేది. పోనీలే, రేపు చేస్తాను అనేది. పోయిన వారం ఒక రోజున ఆ మాట అని ఫోను పెట్టేశాక, ఆ మాట తను ఎక్కడ విన్నదో గుర్తొచ్చి, ఈ కుర్చీలోనే, సీసాల మధ్య, చాలాసేపు కదలకుండా కూర్చుంది. ఆ రోజు నుంచీ చెయ్యలేదు. చెయ్యకపోతే చెల్లెలైనా చేసిందా. అక్క ఎందుకు చెయ్యడం లేదో అని ఒక్కసారైనా. గండం గడిచిందనుకుని ఉంటుంది.

పన్నెండుకి పది నిమిషాలుంది. మధ్యాహ్నం ఇవ్వాల్సిన రిపోర్టులు కట్టగట్టింది, ఇరవై రెండు, సంతకానికి. రోజూ ఈ వేళకే పట్టుకెళ్తుంది, ఇవాళ కావాలని వెళ్ళినట్టు కాదు. నడవాలో ఎనిమిదడుగులు. ఎనిమిదడుగుల్లో ఆ చప్ప వాక్యాన్ని నాలుగు రకాలుగా తిప్పి చూసుకుంది. సార్, మీతో ఒక మాట. సార్, తప్పుగా అనుకోకండి. తలుపు తట్టి లోపలికి వెళ్తే ఆయన మైక్రోస్కోపు లోంచి తలెత్తకుండానే చెయ్యి చాపాడు. కాగితాలు అందించింది. ఒక్కొక్కటీ పైనుంచి కిందికి వేలితో చూసుకుంటూ సంతకం పెడుతున్నాడు, ఎప్పటిలాగే చదివి. చదివి సంతకం పెట్టే మనిషి ఎంత నెమ్మదిగా పెడతాడో అప్పుడు చూసింది. ఎనిమిదోది, తొమ్మిదోది. "సార్," అంది. "ఊఁ," అన్నాడు. పదోది. గోడ మీద చిన్న ముల్లూ పెద్ద ముల్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఫోను మోగింది. మర్యాదస్తుడు మాట తప్పేవాడు కాదు.

ఆయన ఎడమచేత్తో ఎత్తాడు, కుడిచేతిలో పెన్ను అలాగే ఉంది. విన్నాడు. చాలాసేపు విన్నాడు. అవతల గొంతు ఆమెకి సన్నగా, తేనెటీగ గదిలో తిరుగుతున్నట్టు వినిపిస్తోంది. ఎన్నిసార్లు అమ్మగారూ అంటున్నాడో, ఆవిడగారు అంటున్నాడో. ఆయన కళ్ళు మాత్రం పైకి లేచి, పదకొండేళ్ళలో మొదటిసారేమో, ఆమె మీద నిలిచాయి, గాజు పలక మీద చుక్కని చూసినట్టు. ఆమె నేలకేసి చూసింది. నేల మీద గళ్ళు, ఒకటి తెలుపు, ఒకటి బూడిద.

"ఆవిడ నా దగ్గర పని చెయ్యడం లేదండీ," అన్నాడాయన. "ఇందాకే పంపించేశాను. ఇంక ఈ నంబరుకి చెయ్యకండి."

ఫోను పెట్టేసి పదకొండో కాగితం అందుకున్నాడు. అది తన కోసం ఆడిన అబద్ధమో, తనకి చెప్పిన నిజమో, ఆమెకి అర్థం కాలేదు. నిలబడింది. ఇరవై రెండూ అయ్యేదాకా ఆయన చదివి సంతకాలు పెట్టాడు. కట్ట తిరిగి ఇస్తూ, "వాడికలా చెప్పాను," అన్నాడు. "మళ్ళీ ఒక్కసారి ఫోను వచ్చిందంటే అదే నిజమవుతుంది. ఇది జబ్బుతో ఉన్నవాళ్ళు వచ్చే చోటమ్మా." సరే సార్ అంది. "నీ గొంతు వాళ్ళకి తెలుసు. ఇవాళ్టి నుంచి ఫోను మాస్టార్ని ఎత్తమను." సరే సార్. తలుపు దాకా వచ్చాక ఆగింది, ఎంత అని అడుగుతాడేమో, ఎందుకు అని అడుగుతాడేమో, చెప్పడానికి నాలుగు రకాల వాక్యాలు ఇంకా నాలిక మీదే ఉన్నాయి. ఆయన అప్పటికే కంటిని గొట్టానికి ఆనించేశాడు.

ఎనిమిదడుగులు వెనక్కి. ఉద్యోగం ఉంది. ఉన్నట్టే. నెత్తిన నీళ్ళు పోసినట్టు చల్లగా అనిపించాల్సింది, దానికి బదులు ఛాతీలో మంట, కొలిమి ఎవరో ఊదుతున్నట్టు. ఎవరి మీద ఈ మంట. ఆయన మీదా, ఆయన చేసిందేముంది, కాపాడాడు, గొంతు వినపడకూడదన్నాడు, అంతే. పదకొండేళ్ళు ఈ ల్యాబు గొంతు ఆమెదే. ఇవాళ్టి నుంచి ఈ కుర్చీలో గొంతు లేని మనిషి కూర్చుంటుంది, ఇందాకే పంపించేసిన మనిషి. మొహం మీద మళ్ళీ ఆ పూత గట్టిపడుతున్నట్టు, పెదవి కదిపితే ముడతలు పడతాయని ఎవరో చెవిలో అంటున్నట్టు. అక్కడేమో చెల్లెలు ఈ వేళకి ఎవరి జుట్టో దువ్వుతూ, ఎవరి మాటకో నవ్వుతూ ఉంటుంది, నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది, ఆ సొట్ట చూసే కదా ఇంట్లో అందరూ దానికి అన్నీ ఇచ్చింది, తను కూడా.

కౌంటరు ఫోను మోగింది. సూది మాస్టారు లోపల ఒక పాప చెయ్యి పట్టుకుని ఉన్నాడు, సూది అప్పుడే దిగింది, పాప ఏడుపు అందుకుంది. మాస్టారూ అని పిలవబోయి ఊరుకుంది. రెండు, మూడు. నాలుగోసారికి వరసగా కూర్చున్నవాళ్ళంతా ఆమె వైపు చూశారు. అయిదు. డాక్టరుగారి తలుపు వెనక కుర్చీ జరిగిన చప్పుడు. ఎత్తింది. గొంతుని ముక్కులోకి లాక్కుని, సన్నగా చేసి, ల్యాబు పేరు చెప్పింది.

"నమస్కారమండీ," అన్నాడు మర్యాదస్తుడు. ఆమె కోసం అడిగాడు.

"ఆవిడ లేరండీ. పని మానేశారు."

"అయ్యో. మీరు కొత్తగా చేరారా అమ్మగారూ?"

"ఇవాళే," అంది.

పోల్చుకున్నాడో, పోల్చుకుని కూడా మర్యాదకి ఊరుకున్నాడో, ఆమెకి తెలియలేదు. పాపం, నా వల్లే పోయినట్టుందండీ ఆవిడ ఉద్యోగం, మనసుకి కష్టంగా ఉంది అన్నాడు. నిజంగా కష్టంగా ఉన్నవాడిలాగే అన్నాడు. ఆవిడది తప్పు లేదండీ, అసలు తీసుకున్నది వాళ్ళ చెల్లెలుగారు, ఆవిడ దొరికితే ఈవిడ జోలి మాకెందుకు అన్నాడు. తర్వాత, ఏదో దారి అడుగుతున్నట్టు మామూలుగా, "ఆ చెల్లెలుగారు ఎక్కడ పని చేస్తారో మీకేమైనా తెలుసాండీ?" అన్నాడు.

తెలియదండీ. ఆ మాట నాలిక చివరే ఉంది, నాలుగు నెలలుగా వాడి వాడి నున్నబడి. నా మీద ఒట్టు అక్కా. సూది వేయించుకోవడానికి మోచెయ్యి పట్టుకుని ఆనుకున్న ఆ చిన్న ఒళ్ళు, వెచ్చగా, ఇప్పటికీ ఈ ఎడమ పక్కనే ఉంది. లోపల పాప ఏడుపు ఆగింది. అయిపోయింది, అయిపోయింది, చూశావా, ఏమీ కాలేదు అంటున్నాడు మాస్టారు.

"రాసుకోండి," అంది ఆమె. పార్లరు పేరు చెప్పింది, ఏ వీధో చెప్పింది. నంబరు చెప్పింది, దేన్లోనూ చూడాల్సిన పని లేకుండా. మధ్యాహ్నం రెండింటికి చేస్తే ఆవిడ దొరుకుతుందండీ అని, ఎవరూ అడగకుండానే, అది కూడా చెప్పింది. చెప్తున్నప్పుడు గొంతు సన్నగా చెయ్యడం మరిచిపోయింది. చాలా థాంక్సండీ అన్నాడు, ఒక్కసారి సరిచూసుకుంటాను అన్నాడు, అంకెలన్నీ నెమ్మదిగా, ఒక్కొక్కటే, తిరిగి చదివాడు. చివరిది తప్పు చదివాడు.

ఊరుకోవచ్చు. అవునండీ అని పెట్టేయవచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇంట్లో మోగుతుంది, రాంగ్ నంబరంటారు, చెల్లెలికి ఇంకో రోజు, ఇంకో వారం. ఎదురుగా బల్ల మీద ఊదారంగు మూత సీసా ఒకటి చీటీ లేకుండా ఉంది, పాపది, మాస్టారు అప్పుడే తెచ్చి పెట్టింది, ఇంకా గోరువెచ్చగా. ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, చీటీ తీసి, పేరు చూసుకుని, జాగ్రత్తగా అంటించింది.

"చివర ఆరు కాదండీ," అంది. "తొమ్మిది."